నాగమల్లేశ్వరి బేస్‌బాల్ వాకబు

నాగమల్లేశ్వరికి ఒక బేస్‌బాల్ జట్టు ఉందని చెబితే మావాళ్లు ముందు నవ్వుతారు. తర్వాత నా మొహం చూసి, నేను నవ్వడం లేదని గ్రహించి, "ఎవరు, మన సంబంధాల నాగమల్లేశ్వరేనా?" అని అడుగుతారు. అవును, ఆవిడే. నేపర్‌విల్‌లో ఇంకో నాగమల్లేశ్వరి ఉన్నట్టు నాకు తెలియదు.

ముందే ఒక మాట చెప్పేస్తాను. నాకు బేస్‌బాల్ అంటే ఒళ్లు మంట. ఆవిడా నేనూ ఏళ్ల తరబడి ఒకే రైల్లో షికాగోకి ఉద్యోగాలకు వెళ్లివస్తున్నాం. పొద్దున రైలెక్కగానే కిటికీకి తల ఆనించి ఓ కునుకు తీయడం నా జన్మహక్కు. ఆ హక్కును నా నుంచి లాగేసుకున్నది ఈ ఆటే. అందుకని నేను ఇక్కడ ఆటను పొగుడుతున్నానని ఎవరూ అనుకోవద్దు. నేను పొగిడేది మనిషిని.

ఆవిడది చీరాల. పెళ్లయి ఈ దేశం వచ్చి, ఇక్కడ మళ్లీ చదువుకుని, షికాగోలో ఒక ఆసుపత్రి ల్యాబ్‌లో ఉద్యోగంలో చేరింది. పగలంతా మైక్రోస్కోప్‌లో తల దూర్చి కూర్చుంటుంది. సాయంత్రం ఫోన్ చేతికి వచ్చిందంటే సంబంధాలు చూస్తుంది. డాలస్‌లో ఉన్న ఆడపిల్ల తండ్రికి పడమటి తీరాన బాతెల్‌లో ఉన్న అబ్బాయి గురించి తెలియాలంటే ఫోన్ ఈవిడకే వస్తుంది. అబ్బాయి ఏం తాగుతాడు, అప్పుడప్పుడా రోజూనా, తల్లితో ఎలా మాట్లాడతాడు, పాత స్నేహాలేమైనా ఉన్నాయా, అన్నీ వారం తిరక్కుండా ఆవిడ దగ్గరికి వచ్చి చేరతాయి. ఎలా వస్తాయంటే, ఎంఎస్ చదువులకని వచ్చి షికాగోలో దిగిన పిల్లలెంతమందో మొదటి వారం ఆవిడ ఇంట్లోనే అన్నం తిన్నారు. చలికోటు కొనిపించింది ఆవిడే, గోంగూర పచ్చడి సీసా చేతిలో పెట్టి బస్సెక్కించింది ఆవిడే. ఆ పిల్లలంతా ఇప్పుడు దేశం నిండా ఉన్నారు. ఏ ఊరి పేరు చెప్పినా, "ఆ ఊళ్లో మన పిల్లాడున్నాడు" అంటుంది.

వాకబు చేయడంలో ఆవిడకు రెండు నియమాలున్నాయి. అబ్బాయిని తిన్నగా అడగకూడదు, తనను ఎవరూ చూడటం లేదనుకున్నప్పుడు వాడెలా ఉంటాడో చూడాలి. ఇది మొదటిది. రెండోది, తెలిసిన లోపాన్ని దాచి సంబంధం కుదర్చకూడదు, అవతలివాళ్లకు ముందే చెప్పాలి. ఈ రెండో నియమం వల్ల కుదిరినట్టే కుదిరి చెడిపోయిన సంబంధాలు నాకు తెలిసే చాలా ఉన్నాయి. అయినా ఆవిడను ఎవరూ తిట్టరు. చెడిపోయినవాళ్లు కూడా రెండో పిల్లకు మళ్లీ ఆవిడకే ఫోన్ చేస్తారు.

ఇక బేస్‌బాల్. మా బోగీలో ఎదురెదురు సీట్లలో ఒక గుంపు కూర్చుంటుంది. దాని పెద్ద డెనిస్. ఇన్సూరెన్స్ కంపెనీలో ఉద్యోగం, గుబురు మీసాలు, బోగీ ఆ చివరికి వినిపించే గొంతు. వీళ్లంతా కలిసి ఆడేది ఉత్తుత్తి బేస్‌బాల్. పదిమంది ఉంటారు. నిజంగా ఆడే ఆటగాళ్లను ఒక్కొక్కరు తమ జట్టులోకి పంచుకుంటారు. ఆ ఆటగాడు నిజం మైదానంలో బాగా ఆడితే వాణ్ని పెట్టుకున్నవాళ్లకు పాయింట్లు వస్తాయి. పెద్ద లీగ్‌లో ఆడేవాళ్లనే కాక, చిన్న ఊళ్లలో ఆడుతూ పైకొస్తున్న కుర్రాళ్లను కూడా ఏళ్ల తరబడి దగ్గర పెట్టుకోవచ్చు. వాళ్లు పెద్ద లీగ్‌కి వచ్చేదాకా మాత్రం ఒక్క పాయింటూ రాదు. పెంచుకోవాలి, ఎదురుచూడాలి.

ఆ పదిమందిలో ఒకాయన రిటైరై అరిజోనా వెళ్లిపోయాడు. ఆయన జట్టు అనాథ అయింది. డెనిస్ మావైపు తిరిగి, రోజూ తమ మాటలు చెవులప్పగించి వినే నాగమల్లేశ్వరిని చూసి, "మల్లీ, నువ్వు రాకూడదూ? నువ్వేం చెయ్యక్కర్లేదు, పేరుకి ఉంటే చాలు, మాకు పదిమంది లెక్క సరిపోతుంది" అన్నాడు. డెనిస్ మాట్లాడేది ఇంగ్లీషే, నేను తెలుగులో చెబుతున్నాను. ఆయన మంచిగానే అన్నాడు. కానీ పేరుకి ఉండమని ఆవిడతో అనకూడదు. ఆ సాయంత్రమే జట్టుకు చీరాల వీవర్స్ అని పేరు పెట్టి, మర్నాటి నుంచి నాకు నిద్ర లేకుండా చేసింది.

అలా నాలుగేళ్లు గడిచాయి. ఆవిడ జట్టు ఏడాదికేడాది అడుగునే ఉండేది. ఎందుకంటే ఆవిడ ఎవరినీ ఇచ్చేది కాదు. ఎవరైనా బేరానికి వస్తే, "వీణ్ని పదిహేడేళ్ల పిల్లాడప్పుడు తెచ్చుకున్నా, ఇప్పుడెలా ఇస్తాను?" అనేది. గుంపంతా నవ్వేది. "అది జట్టు కాదు, డే కేర్" అనేవాడు డెనిస్. ఆవిడా నవ్వేది గానీ, దిగాక స్టేషన్ మెట్ల దగ్గర, "చూడు కనకం, నా పిల్లలు పెద్దయ్యాక వీళ్ల సంగతి చెబుతా" అనేది.

అయితే వాళ్ల లీగ్‌లో ఒక నియమం ఉంది. కొత్తగా చేరినవాళ్లకు ఐదు సీజన్లు గడువు. ఆ ఐదింటిలో ఒక్కసారైనా మొదటి నాలుగు జట్లలో ఉండాలి. లేకపోతే చోటు ఖాళీ చేసి, వరుసలో ఉన్నవాడికి ఇవ్వాలి. వరుసలో ఉన్నది ఎవరనుకున్నారు, డెనిస్ అల్లుడు. మన దగ్గరే కాదు, ఎక్కడైనా అల్లుళ్ల మర్యాద అంతే.

ఇది ఆవిడ ఐదో సీజన్. జూలై చివరికి వచ్చేసరికి వీవర్స్ ఆరో స్థానంలో ఉంది. పెంచుకున్న పిల్లలు కొందరు పెద్ద లీగ్‌కి వచ్చి బాగానే బాదుతున్నారు. లేనిది స్టార్టింగ్ పిచర్. ఆట మొదలవగానే బంతి అందుకుని, సత్తువ ఉన్నంతసేపు విసిరేవాణ్ని అలా అంటారు. వాడు గట్టివాడైతే వాడు ఆడిన రోజు పాయింట్లు కుప్పలుగా వచ్చిపడతాయి. డెనిస్ దగ్గర అలాంటివాడొకడున్నాడు, కోవాక్. వయసు ముదిరింది గానీ చెయ్యి ముదరలేదు.

సోమవారం పొద్దున డెనిస్ తన బేరం చెప్పాడు. "కోవాక్‌ని ఇస్తాను మల్లీ. నాకు ఎలియాస్‌ని ఇవ్వు. వాణ్ని ఇవ్వలేనంటే టోబిన్‌ని ఇవ్వు, కానీ వచ్చే ఏడు కొత్త కుర్రాళ్లను పంచుకునేటప్పుడు నీ మొదటి వంతు కూడా నాదే. శుక్రవారం పొద్దున చెప్పు. ఆ తర్వాత ఇచ్చిపుచ్చుకోవడాలు ఉండవు."

ఎలియాస్, టోబిన్ ఇద్దరూ ఆవిడ డే కేర్‌లో మిగిలిన పెద్ద పిల్లలు. ఎలియాస్ కాన్సాస్‌లో విచిటా ఊళ్లో ఆడుతున్నాడు. షార్ట్‌స్టాప్. అంటే రెండో బేస్‌కీ మూడో బేస్‌కీ మధ్య నిలబడి, వచ్చిన బంతిని అందుకుని అంత దూరాన ఉన్న మొదటి బేస్‌కి గురిచూసి విసరాలి. దేశంలోని కుర్రాళ్లందరిలో వాడు నాలుగోవాడని పేపర్లన్నీ రాశాయి. టోబిన్ ఒహాయోలో డేటన్ ఊళ్లో క్యాచర్. పిచర్‌కి ఎదురుగా గొంతుకూర్చుని బంతులు పట్టేవాడు. లావుగా ఉంటాడు, పరిగెత్తలేడు, వాడి గురించి ఎవరూ పెద్దగా రాయలేదు.

ఎవరిని అడిగినా ఒకటే మాట. టోబిన్‌ని ఇచ్చెయ్, ఎలియాస్‌ని కదపకు. సాయంత్రం తిరుగు రైల్లోంచి ఫోన్ చేస్తే, బాతెల్‌లో ఉద్యోగం చేస్తున్న ఆవిడ కొడుకు ఈషాన్ ఇంకా గట్టిగా చెప్పాడు.

"అమ్మా, ఎలియాస్ ఇవ్వొద్దు. ప్లీజ్. వాడు నంబర్ ఫోర్ ఉన్నాడు, హోల్ కంట్రీలో. క్యాచర్ ఇచ్చేయ్, పిక్ ఇచ్చేయ్, డన్."

"నువ్వు చూశావట్రా వాణ్ని?"

"నేను ఎందుకు చూడాలి? నంబర్స్ ఉన్నాయి కదా అమ్మా."

ఫోన్ పెట్టేసి నావైపు తిరిగింది. నాకు విసుగొచ్చింది. "పోతే పోనివ్వవే ఆ చోటు! వాళ్లల్లుడు ఆడుకుంటాడు, మనం హాయిగా నిద్రపోదాం" అన్నాను.

ఆవిడ ఫోన్ సంచిలో వేసింది. "కనకం, ఇంట్లో నేను ఆయన భార్యని, ఈషాన్ వాళ్లమ్మని. గుళ్లో సంబంధాల ఆంటీని. ల్యాబ్‌లో ఎవరి రిపోర్టో తొందరగా కావాలంటే గుర్తొచ్చేదాన్ని. నిన్న నువ్వు గెలిచావా ఓడావా అని నన్ను అడిగే చోటు ఇదొక్కటే. అది కూడా వాళ్ల అల్లుడికి ఇచ్చేసి పోనా?" అంది.

ఆ మాటతో నా నిద్ర ఎగిరిపోయింది. నిజం చెప్పాలంటే నాకు సిగ్గేసింది కూడా. ఆ రోజు నుంచి నేనూ వీవర్స్ మనిషినే.

ఆ సాయంత్రమే ఆవిడ తనకు చేతనైన పని మొదలుపెట్టింది. విచిటాలో పూజిత ఉంది, ఒంగోలు పిల్ల, ఎంఎస్ రెండో ఏడు. డేటన్‌లో పవన్ ఉన్నాడు, వరంగల్ వాడు. ఇద్దరికీ ఫోన్ చేసి, కుర్రాడి పేరూ మైదానం పేరూ చెప్పి, "ఒక అబ్బాయి గురించి కనుక్కోవాలమ్మా, వెళ్లి చూసిరా" అంది.

బుధవారం పొద్దున రైల్లో పూజిత ఫోన్ వచ్చింది. ఆవిడ స్పీకర్‌లో పెట్టింది, తెలుగు మాకు తప్ప అక్కడెవరికీ అర్థం కాదుగా.

"ఆంటీ, అబ్బాయి చాలా బాగున్నాడు! మంచి హైట్. మ్యాచ్ అయిపోయాక చిన్నపిల్లలందరికీ విసుక్కోకుండా ఆటోగ్రాఫ్‌లిచ్చాడు. వాళ్లమ్మ గారనుకుంటా ఆంటీ, వీడియో కాల్‌లో స్పానిష్‌లో ఎంత బాగా మాట్లాడుతున్నాడో. డ్రింక్ చేసేవాడిలా అయితే కనబడలేదు."

"నా తల్లే, నేను వాడికి పిల్లనిస్తున్నానా!" అని నెత్తి కొట్టుకుంది నాగమల్లేశ్వరి. నేను నవ్వాపుకోలేక పక్కకు తిరిగాను. పూజితననడానికి లేదు. నాగమల్లేశ్వరి ఫోన్ చేసి అబ్బాయి గురించి కనుక్కోమంటే ఎవరైనా పెళ్లికనే అనుకుంటారు. బేస్‌బాల్ కోసమని ఆవిడ చెప్పలేదు, ఆ పిల్ల అడగలేదు.

"అయ్యో, పెళ్లికి కాదా ఆంటీ?" అవతల పూజిత నీరుగారిపోయింది. "అయితే ఇది మీకు అక్కర్లేదేమో. నేనింకా మీకెలా చెప్పాలా అని ఆలోచిస్తున్నా. అబ్బాయిది ఎడమచేతివాటం ఆంటీ. కొంతమంది పెద్దవాళ్లు పట్టించుకుంటారు కదా అని..."

నాగమల్లేశ్వరి నెత్తి మీంచి చెయ్యి తీసేసింది. "ఏమన్నావ్? ఎడమచేతివాటమా?"

"అవునాంటీ. ఆటోగ్రాఫ్‌లన్నీ ఎడమచేత్తోనే పెట్టాడు, అదీ ఏదో గీత గీసినట్టు. బ్యాగ్ కూడా ఆ భుజానికే. ఒక బుడ్డోడు గోడెక్కి టోపీ చాపితే, చెయ్యెత్తి అందుకోకుండా వాణ్ని కిందికి దిగి రమ్మన్నాడు."

షార్ట్‌స్టాప్ కుడిచేత్తో విసురుతాడు. అది నాకు కూడా తెలుసు అప్పటికి. అయితే కుడిచేత్తో విసిరి ఎడమచేత్తో రాసేవాళ్లు ఉండరా? ఉంటారు. ఆవిడ వెంటనే ఫోన్‌లో వెతికి, ఎలియాస్ కాంట్రాక్టు మీద సంతకం పెడుతున్న పాత ఫొటో తీసింది. పక్కన తల్లి నిలబడి ఉంది, వీడు పళ్లన్నీ కనిపించేలా నవ్వుతున్నాడు. కలం కుడిచేతిలో ఉంది.

"పూజితా, ఇవాళ మళ్లీ వెళ్లు. వాడి మొహం చూడకు, వినయం చూడకు. బంతి విసిరినప్పుడు ఎలా పోతుందో ఒక్కటే చూడు."

గురువారం పొద్దున పూజిత చెప్పింది. మొదట్లో బాగానే విసిరాడు. ఆట సగం దాటాక రెండుసార్లు బంతి నేలకు తగిలి వెళ్లింది. విసిరిన ప్రతిసారీ వెనక్కి తిరిగి భుజం పట్టుకున్నాడు, ఎవరూ చూడకుండా. చూడలేదనే వాడనుకుని ఉంటాడు, పాపం.

పవన్ రిపోర్టు కూడా అదే రోజు వచ్చింది. వాడు మొదటే, "పెండ్లికా ఆంటీ? గీ తెల్లపిలగాడు ఎవరికి?" అని అడిగి చీవాట్లు తిన్నాడు. తర్వాత చెప్పాడు. "బక్కోడు కాదాంటీ, దొడ్డుగున్నడు. ఉరుకుడు అసలే లేదు. కానీ ఒకటి చెప్తా వినుండ్రి. బయటికి పోయే బాల్‌ని ముట్టడు. మస్తు ఓపిక. మనం టెస్ట్ మ్యాచుల్ల చూస్తం గద, ఆఫ్ సైడ్ పోయే బాల్‌ని వదిలేస్తరు, అట్ల వదుల్తడు. బౌలర్లకే తిక్క లేస్తున్నది. ఇంకోటి, వాళ్ల బౌలర్ బాగ దెబ్బ తింటే ఈడు పొయ్యి ఏదో జెప్పి నవ్విపిస్తడు. మల్ల ఆ బౌలర్ మంచిగ ఏస్తడు."

బౌలరంటే పిచర్ అని మేం సరిచేసుకున్నాం. నాగమల్లేశ్వరి వేళ్ల మీద లెక్కలు వేసుకుంది. చెడ్డ బంతులు నాలుగు వదిలేస్తే ఆటగాణ్ని ఊరికే మొదటి బేస్‌కి పంపేస్తారు, దానికీ పాయింట్లున్నాయి. అది ఆవిడకు తెలుసు. కానీ ఈషాన్ మాటా కొట్టిపారేసేది కాదు. ఒక స్టూడెంటు పిల్ల రెండు సాయంత్రాలు చూసి చెప్పిన మాట మీద దేశంలో నాలుగోవాణ్ని ఇచ్చేస్తే, రేపు వాడు గొప్పవాడైతే ఈ బోగీలో తలెత్తుకోగలదా? ఇవ్వకుండా కూర్చుంటే చోటే పోతుంది.

"సంబంధమైతే ఏం చేసేదానివి?" అని అడిగాను.

"చూసిన పిల్ల మాటే వినేదాన్ని. ఇంటర్నెట్‌లో రాసిందాన్ని ఎప్పుడైనా నమ్మానా?"

"ఇంకేం మరి, ఎలియాస్‌ని ఇచ్చెయ్."

"ఇస్తా. కానీ డెనిస్‌కి చెప్పి ఇస్తా."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "నీకేమైనా పిచ్చా? ఇది పెళ్లి కాదే, ఆట! ఆయన నీకు చెప్పాడా కోవాక్ వయసు ముప్పైఆరని?"

"అది పేపర్లో ఉంది కనకం, అందరికీ తెలుసు. భుజం సంగతి నాకు మాత్రమే తెలుసు. తెలిసి దాచి ఇస్తే రేపు అల్లుడొచ్చినా రాకపోయినా నేను అక్కడ కూర్చోలేను."

శుక్రవారం పొద్దున రైలు కదలగానే ఆవిడ లేచి, వాళ్ల సీట్ల ముందుకెళ్లి నిలబడింది. గుంపంతా అక్కడే ఉంది.

"డెనిస్, ఎలియాస్‌ని ఇస్తాను. కానీ ముందు ఒక సంగతి విను. వాడి కుడిభుజం బాగాలేదు. నా మనిషి ఈ వారం రెండుసార్లు వెళ్లి చూసింది. చెయ్యి పైకెత్తడం లేదు, ఎడమచేత్తో సంతకాలు పెడుతున్నాడు, బంతి నేలకు కొట్టుకుని పోతోంది. ఇది తెలిసీ కావాలంటేనే తీసుకో."

డెనిస్ ఆవిడ మొహంలోకి చూశాడు. తర్వాత మీసాలు అదిరేలా నవ్వాడు. "మల్లీ! ఐదేళ్లకు బేరం నేర్చుకున్నావు! నీ పిల్లాణ్ని వదులుకోవడం ఇష్టం లేక ఎంత కథ అల్లావు! భుజమట, ఎడమచేత్తో సంతకాలట!"

"కథ కాదు. నిజంగానే చెబుతున్నాను."

"విచిటాలో నీకు మనిషుందా? అక్కడికి మనిషిని పంపావా, నువ్వు?" గుంపంతా ఒకటే నవ్వు. "తీసుకుంటాను. ఇప్పుడే తీసుకుంటాను. నువ్వు మనసు మార్చుకోకముందే."

రైలు తర్వాతి స్టేషన్ లైల్ దాటకముందే ఇద్దరూ ఫోన్లలో నొక్కడం, బేరం ఖాయమవడం అయిపోయింది. ఆవిడ వచ్చి నా పక్కన కూర్చుంది. "పదిహేడేళ్ల పిల్లాడప్పుడు తెచ్చుకున్నా కనకం" అంది, కళ్లు తుడుచుకుంటూ.

ఆగస్టులో కోవాక్ విజృంభించాడు. ఆ పెద్దమనిషికి చీరాల గాలి తగిలిందో ఏమో, విసిరిన ఆటల్లా నెగ్గాడు. వీవర్స్ ఆరు నుంచి ఐదుకు వచ్చింది. ఆ నెల నడిమికి ఒక పొద్దున డెనిస్ తన ఫోన్ చూసుకుని బిగుసుకుపోయాడు. ఎలియాస్ భుజానికి ఆపరేషనట, ఏడాది దాకా ఆడడట.

"నీకు తెలుసు!" అన్నాడు, మావైపు వేలు చూపిస్తూ.

"నేను చెప్పాను" అంది నాగమల్లేశ్వరి.

"ఆమె చెప్పింది డెనిస్. మేమందరం విన్నాం. నువ్వు నవ్వావు" అన్నాడు గుంపులో ఒకాయన. డెనిస్ ఫోన్ జేబులో పెట్టేసుకున్నాడు. ఆ రోజు బోగీలో నేను ఎంత సంతోషించానో రాయడం మర్యాద కాదు. నాగమల్లేశ్వరి మాత్రం సంతోషించలేదు. "వాళ్లమ్మ ఎంత బాధపడుతోందో" అనుకుంటూ కూర్చుంది.

లెక్కలు తేలే ఆఖరి ఆదివారం వచ్చింది. నాలుగో స్థానానికీ ఆవిడకూ మధ్య తేడా చాలా తక్కువ, ఆ రోజు కోవాక్ ఆడుతున్నాడు. ఆ మధ్యాహ్నమే ఆవిడ కుదిర్చిన సంబంధానికి నిశ్చితార్థం, అరోరాలో ఒక ఫంక్షన్ హాల్లో. మధ్యవర్తి కాబట్టి ముందు వరసలో కూర్చోవాలి. కంచిపట్టు చీర, చెవులకు జుంకాలు, ఒళ్లో పసుపుకుంకుమల పళ్లెం, పళ్లెం కింద ఫోన్. పక్కన నేను.

పురోహితుడు లగ్నపత్రిక చదువుతుంటే అక్కడ కోవాక్ ఒక్కొక్కణ్నీ అవుట్ చేస్తున్నాడు. అమ్మాయి తరఫువాళ్లు తాంబూలాలు అందుకునేసరికి వీవర్స్ నాలుగో జట్టుతో సమానమైంది. అక్కడితో కోవాక్ పని అయిపోయింది, వాణ్ని కూర్చోబెట్టేశారు. సమానమైతే చాలదు, సమానమైతే పాతవాళ్లకే చోటు.

"ఇంకెవరున్నారు మనకి?" అని గొణిగాను.

"టోబిన్" అంది.

టోబిన్‌ను అంతకు ముందు వారమే పెద్ద లీగ్‌కి పిలిచారు. పెద్ద మైదానంలో బెదిరిపోయి ఇంకా ఒక్క దెబ్బా సరిగ్గా కొట్టలేదు. ఇప్పుడు వాడి వంతు, మూడు బేసుల్లోనూ మనుషులున్నారు. మేమిద్దరం పళ్లెం ఎత్తి ఫోన్‌లోకి వంగాం. మొదటి బంతి బయటికి పోయింది, వదిలేశాడు. రెండోదీ అంతే. మూడోది, నాలుగోది కొట్టబోయి తప్పాడు. ఇంకొక్కటి తప్పితే అవుటే. హాలంతా అక్షింతలు పంచుతున్నారు. ఐదో బంతి బయటికి, వదిలేశాడు. ఆరోది అంచుకు వస్తున్నట్టే వచ్చింది. ఎవరైనా బ్యాట్ ఊపేస్తారు. టోబిన్ కదల్లేదు. బంతి బయటికే పోయింది. వాడు బ్యాట్ కింద పడేసి, ఆ లావు ఒంటితో నింపాదిగా మొదటి బేస్‌కి నడిచాడు. మూడో బేస్‌లో ఉన్నవాడు జరిగి పరుగు చేశాడు, ఆ పాయింట్లు మావే.

"వచ్చేశాం!" అని నాగమల్లేశ్వరి లేచి నిలబడి అరిచింది. పళ్లెం పడిపోయి కుంకుమ చీరనిండా చిందింది. పురోహితుడు మంత్రం ఆపేశాడు. హాలంతా ఒక్క క్షణం బిత్తరపోయి, శుభమే కదా అనుకుని చప్పట్లు కొట్టింది. వియ్యపురాళ్లిద్దరూ వచ్చి, తమ సంబంధం మీద ఆవిడకు ఇంత ప్రేమ ఉందా అని కావలించుకున్నారు. నేను ఏడుస్తున్నాను, నవ్వుతున్నాను, ఏదో తెలియలేదు. బేస్‌బాల్ చూసి ఏడుస్తానని నాకెవరైనా చెప్పి ఉంటే కొట్టేదాన్ని.

ఆ తర్వాత మొదటి నాలుగు జట్ల మధ్య జరిగిన పోటీల్లో ఆవిడ డెనిస్‌ను ఓడించింది, ఆయన ఇచ్చిన కోవాక్‌తోనే. ఫైనల్లో ఓడిపోయింది. ఈ ముక్క రాయకపోతే కథ ఇంకా బాగుంటుందని చెప్పాను గానీ ఆవిడ ఒప్పుకోలేదు, ఉన్నది ఉన్నట్టు రాయమంది. ఓడిపోయినా చోటు ఆవిడదే. డెనిస్ అల్లుడు వరుసలోనే ఉన్నాడు.

మళ్లీ ఏప్రిల్ వచ్చింది. కొత్త సీజన్. ఒక పొద్దున డెనిస్ తన సీటు వదిలి మా దగ్గరికి వచ్చాడు. అన్నేళ్లలో ఆయన మా సీటు దాకా రావడం అదే మొదలు. ఎప్పుడూ మేమే అటు తిరిగి వినేవాళ్లం. గొంతు తగ్గించి, "మల్లీ, టెక్సస్‌లో కార్పస్ క్రిస్టీలో నీ మనుషులెవరైనా ఉన్నారా?" అని అడిగాడు.

"ఎందుకు?"

"అక్కడొక పిచర్ ఉన్నాడు. కుర్రాడు. నంబర్లన్నీ బాగున్నాయి. కానీ... ఎవరైనా వెళ్లి చూసొస్తే..."

నేను లేరని చెప్పబోయాను. నాగమల్లేశ్వరి నా మోకాలి మీద చెయ్యేసి ఆపింది.

"ఉన్నారు. ఆద్య అని మా అమ్మాయి. పంపిస్తాను. మంచి ఉంటే మంచీ, చెడు ఉంటే చెడూ చెబుతాను." ఆవిడ గొంతు తగ్గించలేదు. గుంపంతా ఇటు తిరిగింది. "ఈసారి నమ్ముతావా?"

డెనిస్ వెనక్కి తిరిగి తనవాళ్లను చూశాడు, మళ్లీ ఆవిడను చూశాడు. మీసాలు సర్దుకున్నాడు.

"నమ్ముతాను మల్లీ" అన్నాడు, బోగీ ఆ చివరికి వినిపించేలా.